జానెడు నీళ్లు

మా బావ దుండప్ప ఉద్యోగ విరమణ సభలో నేను ఆఖరి వరసలో కూర్చున్నాను. అసలు వెళ్లకూడదనే అనుకున్నాను. అక్క కల్లవ్వ మా ఇంటికొచ్చి గడప మీద కూలబడి, "నువ్వు రాకపోతే ఊరంతా నా మొహమే చూస్తారే లగ్గీ" అని ఏడిస్తే వెళ్లాను. ఆనకట్ట కచేరీ ముందు షామియానా వేశారు. బావ తలకు జరీ తలపాగా చుట్టారు, భుజాల మీద శాలువా కప్పారు, మెడలో బంతిపూల దండ వేశారు. ఒకాయన మైకు ముందుకొచ్చి, "మన దుండప్ప ఇన్నేళ్ల సర్వీసులో పైవాళ్ల మాటకు ఒక్కసారి కూడా ఎదురు చెప్పి ఎరగడు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

వాళ్ల దృష్టిలో అది పొగడ్త. ఆ పొగడ్త ఎవరి ప్రాణం మీదికి వచ్చిందో నాకు తెలుసు. అందుకే ఈ మనిషి గురించి నేను చెబుతాను. శాలువాలు కప్పేవాళ్లకు ఏం తెలుసు?

దుండప్ప చెడ్డవాడు కాదు. చెడ్డవాడై ఉంటే తిట్టుకోవడానికి నాకు తేలికగా ఉండేది. తాగడు, అక్క మీద ఏనాడూ చెయ్యెత్తలేదు, పిల్లలకు జ్వరం వస్తే రాత్రంతా మంచం పక్కనే కూర్చుంటాడు. ఆనకట్ట తలుపులు ఎత్తి దించే పని ఆయనది. దాన్ని పూజలాగా చేసేవాడు. ఆయనలో ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరైనా గొంతు పెంచి ఒక మాట అన్నారంటే చాలు, ఆ మాట మంచిదా చెడ్డదా అని ఆయన బుర్ర అడగదు. చేతులు వాటంతట అవే ఆ పని చేసేస్తాయి.

ఈ జబ్బు చిన్నప్పటి నుంచీ ఉంది. వాళ్లమ్మ ఒక కథ చెప్పేది. కొత్త కోడలికి చెప్పింది, కోడలి వెంట వెళ్లిన నాకు చెప్పింది, ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పింది. బడిలో మాస్తరు ఏదో కోపం వచ్చి ఇతన్ని ఎండలో నిలబెట్టి, "నేను చెప్పేదాకా కదలకు" అన్నాడట. తర్వాత ఆ సంగతే మరిచిపోయి బడికి తాళం వేసుకుని పక్కూరి పెళ్లికి వెళ్లిపోయాడట. పొద్దు గూకాక తల్లి వెతుక్కుంటూ వెళితే పిల్లాడు పెదాలు పగిలి, నిక్కరు తడుపుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. "ఇంటికి రారా" అంటే "మాస్తరు చెప్పలేదు" అన్నాడట. ఊరి పెద్ద గౌడను పిలుచుకొచ్చి ఆయన చేత చెప్పిస్తే గానీ కదల్లేదట. ఇదంతా చెప్పి ఆ తల్లి, "నా కొడుకు అంత బుద్ధిమంతుడు" అని మురిసిపోయేది.

"ఇది బుద్ధి కాదు అత్తా, జబ్బు. అప్పుడే ఎవరికైనా చూపించాల్సింది" అన్నాను నేను. అక్క నా తొడ మీద గట్టిగా గిల్లింది.

నా పెళ్లిలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. బాజాల వాళ్లు ఎర్రకోట్లు తొడుక్కుని, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు వేలాడేసుకుని వచ్చారు. భోజనాల దగ్గర వాళ్లలో డోలు వాయించేవాడు తన వాళ్లకు చోటు దొరక్క, "ఏయ్, ఈ వరస లేవండి, వెనక్కి పదండి" అన్నాడు. అందరూ వాడి మొహం చూసి నవ్వి తినడం మొదలుపెట్టారు. మా బావ ఒక్కడే విస్తరి రెండు చేతులా పట్టుకుని లేచి వెనక్కి వెళ్లాడు. పెళ్లికొడుకు భీమశి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏం వదినా, మీ ఆయన గంగిరెద్దు కనపడినా లేచి నిలబడతాడా? దానికీ ఎర్రబట్టలే కదా" అని అక్కను ఏడిపించాడు.

అక్క కూడా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు అది నవ్వులాటే.

భీమశి వాళ్లది ఏటి మీద బతికే కుటుంబం. ఏరు ఎండిపోయి ఇసుక మిట్టలు తేలగానే అక్కడ గుంటలు తీసి, పెంట వేసి, కర్బూజలూ దోసలూ పెట్టేవాళ్లం. ఎండలు ముదిరేదాకా ఏటిలోనే కాపురం. మిట్టల మధ్య పల్లపు పాయలో చెలమలు తవ్వుకుని, ఆ నీళ్లు కుండలతో మోసి పాదులకు పోసేవాళ్లం. మా మామ బాళప్పకు బొత్తిగా చెవులు వినపడవు. అందరికన్నా దూరపు మిట్ట మీద గుడిసె వేసుకుని, పక్కన తన చెలమ తవ్వుకుని, పగలు పాదులు చూసుకుంటూ ఉండేవాడు. ఆయన పండించిన కర్బూజ కోస్తే ఆ వాసనకు ఒడ్డు మీది పిల్లలంతా పోగయ్యేవాళ్లు.

ఎండాకాలంలో కూడా కింది ఊళ్లకు తాగునీటి కోసం అప్పుడప్పుడూ ఆనకట్ట తలుపు ఎత్తుతారు. మామూలుగా ఒక్క తలుపే. నీరు పాయలోనే పోతుంది, మిట్టల జోలికి రాదు. అయినా పాయలో ఉన్నవాళ్లు తప్పుకోవాలి కదా. అందుకు ఆనకట్ట కట్టినప్పటి నుంచీ ఒక పద్ధతి ఉంది. ముందు తలుపు జానెడు ఎత్తి ఆపుతారు. అరగంట ఆగుతారు. ఆ జానెడు నీళ్లు ఇసుకలోంచి పాకుతూ వచ్చి చెలమల్లో ఉబుకుతాయి. చెలమ ఉబికి బురద తిరిగిందంటే ఏరు వస్తోందని అర్థం. కుండలూ పిల్లలూ మేకలూ తీసుకుని అందరం ఒడ్డెక్కేస్తాం. సైరన్ తర్వాతెప్పుడో పెట్టారు. సైరన్ ఉన్నా లేకపోయినా మేము చూసుకునేది చెలమనే. మా మామకైతే అదొక్కటే దిక్కు.

ఆ జానెడు వదలడంలో మా బావను మించినవాడు లేడు. తలుపు ఆపి, కిటికీలోంచి మిట్టల వైపు చూస్తూ తమలపాకుకు సున్నం రాసుకుంటూ కూర్చునేవాడు. ఆఖరి మనిషి ఒడ్డెక్కాడని కళ్లారా చూశాకే మళ్లీ లేచేవాడు. ఈ మాట నేను ఒప్పుకుని తీరాలి.

తర్వాత కొత్త సాహెబు వచ్చాడు. పెద్ద ఇంజనీరు. మెరిసే బూట్లు, ఎవరితో మాట్లాడినా గడ్డం పైకెత్తి మాట్లాడే అలవాటు. ఒకరోజు తలుపు జానెడు ఎత్తి ఆపడం చూసి, "ఇదేమిటి?" అని అడిగాడు.

"జానెడు నీళ్లు సాహెబ్. కిందివాళ్లకు తెలియడానికి" అన్నాడు బావ.

"ఎవరు చెప్పారు ఇలా చెయ్యమని? ఏ ఆర్డరు?"

ఆర్డరు లేదు. ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. మొదటి ఓవర్సీరు నోటిమాటగా నేర్పిన పని అది.

"ఆర్డరు లేని పని ఇక్కడ జరగదు. సైరన్ ఉంది, అది చాలు. నీళ్లు వృథా" అన్నాడు సాహెబు. ఆ రోజుతో జానెడు నీళ్లు ఆగిపోయాయి. సైరన్‌లో కందిరీగలు గూడు పెట్టి అది మూగబోయి చాలా కాలమైంది. బావ ఆ సంగతి పైకి చెప్పాడు. "చూస్తాం" అన్నారు. చూస్తామన్నారు కాబట్టి ఆయన కూడా చూస్తూ కూర్చున్నాడు. తలుపు ఎత్తే ముందు అక్క చేత మాకు కబురు పంపేవాడు, అదీ దొంగతనంగా. నీళ్లొస్తున్నాయని మాకు చెప్పడం ఏదో తప్పయినట్టు.

కింది ఊళ్లో జాతర జరిగే రోజు అక్కకు జ్వరం. బావకు రొట్టెలూ పల్లీపొడీ నేనే పట్టుకెళ్లాను. మధ్యాహ్నం ఎండ పెళపెళలాడుతోంది. తలుపుల గదిలో బావ తింటున్నాడు. కిటికీలోంచి మిట్టల మీద మా వాళ్లు కాయలు కోస్తూ చిన్నగా కనిపిస్తున్నారు. దూరపు మిట్ట మీద మామ గుడిసె. ఆ వేళకు ఆయన లోపల నడుం వాల్చి ఉంటాడు.

ఫోన్ మోగింది. బావ ఎంగిలి చెయ్యి పంచెకు తుడుచుకుని లేచి నిలబడి మరీ ఎత్తాడు. సాహెబు గొంతు ఫోన్‌లో వచ్చినా సరే, ఆయన కూర్చోడు.

"చెప్పండి సాహెబ్. నాలుగూనా సాహెబ్? పూర్తిగానా?" అన్నాడు. తర్వాత కొంచెం నసిగి, "సాహెబ్, సైరన్ పలకదు సాహెబ్. కింద మిట్టల మీద జనం ఉన్నారు" అన్నాడు.

అవతలి గొంతు నా దాకా వినిపించింది. "నిన్ను అడిగానా? పొద్దు వాలేలోపు జాతరకొచ్చిన పెద్దాయన స్నానానికి దిగుతారు. స్నానఘట్టంలో మోకాలి లోతు కూడా లేదు, నా పరువు పోతుంది. ఎత్తు. ఏమైనా అయితే బాధ్యత నాది."

బాధ్యత నాది అనగానే మా బావ భుజాలు కిందికి జారాయి. నెత్తి మీది గడ్డిమోపు ఎవరో దించినట్టు నిమ్మళంగా ఊపిరి వదిలాడు. నేను కళ్లారా చూశాను. ఆ నిమ్మళాన్ని చచ్చేదాకా మరిచిపోను.

"బావా, మామ గుడిసెలో ఉన్నాడు. ముందు జానెడు వదులు. చెలమ ఉబికితే ఆయనే లేచి వస్తాడు" అన్నాను.

"జానెడు వద్దన్నారు లగ్గీ."

"ఫోన్ పెట్టేశాడు. ఇక్కడ ఎవరున్నారు చూడ్డానికి? నువ్వూ నేనూ."

"వద్దన్నారు కదా."

"అరగంట. ఒక్క అరగంట ఆగితే నీ తల తీసేస్తాడా?"

"తల తియ్యడం కాదే. చెప్పారు కదా మరి" అని నవ్వాడు. అవును, నవ్వాడు. ఏడుపు మొహం పెట్టుకుని, నుదుటి మీద చెమట కారుతుండగా, చిన్నపిల్లాడిలా కిచకిచ నవ్వాడు. ఆ నవ్వుతోనే చెయ్యి వెళ్లి ఆకుపచ్చ బొత్తం నొక్కింది. తర్వాత రెండోది, మూడోది, నాలుగోది.

నేను ఎర్రబొత్తం మీదికి దూకాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "బయటివాళ్లు ముట్టకూడదే" అన్నాడు.

నేను ఆయన కాళ్ల మీద పడ్డాను. "నీ కాళ్లు పట్టుకుంటాను బావా, నా మాట విను. భీమశి కూడా కిందే ఉన్నాడు" అని బతిమాలాను. ఆయన కళ్లమ్మట నీళ్లు కారాయి. చెయ్యి మాత్రం వెనక్కి రాలేదు. "నువ్వు పరుగెత్తవే, పరుగెత్తు" అన్నాడు.

కట్ట వెంట పరుగెత్తాను. కొంగు ఊపుతూ అరిచాను. మిట్టల మీదివాళ్లు చూశారు. భీమశి అందరినీ ఒడ్డు వైపు తోలి, తను మాత్రం అటు తిరిగాడు, వాళ్ల నాన్న గుడిసె వైపు. నేను ఒడ్డు చేరేసరికి పాయలు కలిసిపోయాయి, మిట్టలు లేవు, పాదులు లేవు. నడుము లోతు నీళ్లలో నా మొగుడు తన తండ్రిని భుజాన వేసుకుని వస్తున్నాడు. అంతవరకు చూశాను. ఆ తర్వాత నీళ్లే కనిపించాయి.

భీమశి కింది ఊరి స్నానఘట్టం దగ్గర దొరికాడు. మైల అయిందని జాతర ఆపి, శుద్ధి చేసుకుని, మళ్లీ మొదలుపెట్టారు. మామ దొరకనే లేదు.

సాహెబు పరామర్శకు వచ్చాడు. పంట మొత్తం ఏటిపాలైన మా జనమే ఉరుకుల మీద కుర్చీ తెచ్చి వేశారు. ఒకడు తన కండువాతో ఆ కుర్చీ తుడిచాడు. ఇంకొకడు కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చాడు. నేను గోడవారగా కూర్చుని చూస్తున్నాను. ఒక్కడికీ ఆ బోండాం వాడి మొహాన కొట్టాలనిపించలేదు. దుండప్ప ఒక్కడే అలా ఉన్నాడనుకోవడం నా పొరపాటని ఆ రోజు అర్థమైంది. ఊరి నిండా దుండప్పలే. ఈయన చేతిలో బొత్తం ఉంది, వాళ్ల చేతిలో లేదు, అంతే తేడా.

విచారణ పెట్టారు. పట్నం నుంచి వచ్చిన అధికారి ముందు సాహెబు, "తలుపులు ఎత్తమన్నాను, నిజమే. జాగ్రత్తలు తీసుకోవద్దని చెప్పానా? వాడికి బుర్ర ఉండొద్దా?" అన్నాడు. బాధ్యత నాది అన్న మాట ఆ నోట మళ్లీ రాలేదు. తర్వాత బావను వసారాలోకి పిలిచి, ఏదో చెప్పి, లోపలికి పంపాడు. బావ దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పాడు: సైరన్ మోగించాను, మూడుసార్లు మోగించాను, కిందివాళ్లు విని కూడా లేవలేదు.

అంటే తప్పు భీమశిది. తప్పు చెవిటి ముసలాయనది. కాగితాల్లో అలాగే రాసుకున్నారు, ఇప్పటికీ అలాగే ఉంది.

బయటికి రాగానే నేను బావ చొక్కా పట్టుకున్నాను. "ఎందుకు చెప్పావు బావా అట్లా?"

"సాహెబ్ చెప్పమన్నారు లగ్గీ."

"దేవుడి మీద ప్రమాణం చేసి అబద్ధమా?"

"ప్రమాణం చెయ్యమన్నది కూడా వాళ్లే కదా" అన్నాడు. అందులో తప్పేముందో ఆయనకు నిజంగానే తెలియలేదు.

అక్క ఆయన్ను వెనకేసుకొచ్చేది. "ఆయన ఏం చేస్తాడే? చిన్న ఉద్యోగం. పైవాళ్లను కాదంటే పిల్లలు ఏం తింటారు?"

"పిల్లల గురించి ఆయన ఆలోచించి ఉంటే నేను ఇంత మండిపడేదాన్ని కాదు. ఆ గదిలో ఆయన దేని గురించీ ఆలోచించలేదు, నేను అక్కడే ఉన్నాను" అన్నాను. భయపడి చేసినా నేను క్షమించేదాన్నేమో. భయం కాదది. ఒకడు నెత్తి మీద బరువు దించుతానంటే చాలు, ఆ బరువు తీసుకెళ్లి ఎవరి మీద పడేస్తాడో చూడకుండా తల వంచి ఇచ్చేయడం. అలాంటివాళ్లను మంచివాళ్లంటారు, ఎందుకంటే వాళ్లతో అందరికీ సుఖం.

ఏటేటా పంటలు వచ్చాక ఆయన జొన్నల మూట మోసుకుని మా ఇంటి ముందుకొచ్చి నిలబడేవాడు. "పో" అనేదాన్ని. మారు మాట లేకుండా మూట ఎత్తుకుని వెళ్లిపోయేవాడు. ఉండి, తిట్టించుకుని, ఒక్కసారి ఎదురు మాట్లాడి ఉంటే మనిషి అనుకునేదాన్ని.

ఇదంతా కడుపులో పెట్టుకుని ఆ సభలో కూర్చున్నాను. ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? ఆ సాహెబే. జుట్టు నెరిసింది, పదవి ఇంకా పెద్దదైంది. గడ్డం అలాగే పైకెత్తి కూర్చున్నాడు. మైకు పట్టుకున్నాయన, "ఇంటివాళ్లెవరైనా రెండు మాటలు చెప్పాలి" అన్నాడు. అక్క తల వంచుకుంది. నేను లేచాను. అక్క నా కొంగు పట్టుకుంది, విదిలించుకుని వేదిక ఎక్కాను.

రెండు మాటలు చెప్పడానికి ఏమీ తట్టలేదు. ఒక గొంతు మాత్రం గుర్తుకొచ్చింది, ఆ ఫోన్‌లో విన్నది. గడ్డం పైకెత్తి, ఆ గొంతుతోనే అన్నాను.

"దుండప్పా. లేచి నిలబడు."

మరదలు బావను పేరు పెట్టి పిలిస్తే జనం నవ్వాలి. ఎవరూ నవ్వలేదు. బావ లేచాడు. నేనెవరో చూసుకోకముందే లేచాడు. చేతులు రెండూ తొడలకు ఆనించుకున్నాడు.

"నాలుగు తలుపులూ ఎత్తిన రోజు సైరన్ మోగిందా?"

"మైకు ఆపండయ్యా" అన్నాడు సాహెబు. మైకువాడు వెంటనే ఆపేశాడు, వాడూ చెప్పింది చేసేవాడే. నాకు మైకు అక్కర్లేదు.

"నిన్నే అడిగింది. మోగిందా, లేదా?"

"మోగలేదు సాహెబ్" అన్నాడు బావ.

నన్ను అన్నాడు ఆ మాట. చిన్నప్పటి నుంచీ లగ్గీ అని పిలిచిన నన్ను.

సాహెబు లేచి ఎవరి వైపూ చూడకుండా కారు దగ్గరకు నడిచాడు. జనం గుసగుసలు మొదలుపెట్టారు. నాకు అదేమీ తలకెక్కలేదు. ఆ రోజు ఆ గదిలో నేను ఈ మనిషి కాళ్లు పట్టుకున్నాను. ఏడ్చాను, బతిమాలాను. ఒక్కసారి గద్దించి ఉంటే చాలని నాకెవరు చెప్పారు? భీమశి ఇప్పుడు నా పక్కన కూర్చుని కర్బూజ కోస్తూ ఉండేవాడు.

బావ ఇంకా నిలబడే ఉన్నాడు. నా మొహం వైపే చూస్తున్నాడు. దేని కోసం చూస్తున్నాడో నాకు తెలుసు. నేను వేదిక దిగి, చెప్పులు వేసుకుని ఇంటికొచ్చేశాను.

పొద్దు గూకే వేళ అక్క రొప్పుతూ వచ్చింది. "షామియానా విప్పేశారే. కుర్చీలు బండికెక్కించారు. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. నేను పిలిస్తే రావట్లేదు. నీ కాళ్లు పట్టుకుంటా, ఒక్కసారి వచ్చి చాలని చెప్పవే" అంది.

నేను పెనం మీది రొట్టె తిరగేశాను.

"అరగంట ఆగమను" అన్నాను.